ఆదరణ, హెచ్చరిక: లేఖనంలో ఒకే మాట, మన చదువులో రెండు ముక్కలు

క్లుప్తంగా: బైబిల్లో ఓదార్చే వచనాలు వేరు, గద్దించే వచనాలు వేరు అని చాలామంది విశ్వాసులు అనుకుంటారు. నిజానికి ఆ రెండూ ఒకే భాగంలో ఉంటాయి. చాలాచోట్ల ఒకే వాక్యంలో, కొన్నిచోట్ల ఒకే పదంలో కూడా ఉంటాయి. విడదీసి చదివితే ఓదార్పు కష్టకాలం దాకా నిలవదు, గద్దింపు మనిషిని గాయపరుస్తుంది. ఈ చీలిక ఎక్కడ మొదలవుతుందో, రోజువారీ శిష్యత్వంలో దాన్ని ఎలా సరిచేసుకోవచ్చో ఈ వ్యాసం వివరిస్తుంది.

పళ్లెంలో కార్డులు

డిసెంబరు 31 రాత్రి తెలుగునాట చర్చిలు నిండిపోతాయి. పన్నెండు కొట్టగానే పాస్టరు గారు కొత్త సంవత్సరపు వాగ్దానం చదువుతారు. చాలా సంఘాల్లో వాగ్దాన కార్డులు పళ్లెంలో పెట్టి వరుసల మధ్య తిప్పుతారు. ప్రార్థన చేసుకుని, చూడకుండా ఒకటి తీసుకుంటారు. ఆ కార్డు ఏడాదంతా బైబిల్లోనో, పర్సులోనో, బీరువా అద్దం అంచునో ఉంటుంది. గోడకు వాగ్దాన క్యాలెండరు, ఫోన్లో ఉదయాన్నే వచ్చే వాక్యం బొమ్మ వీటికి తోడు.

ఈ అలవాటులో మంచి ఉంది. ఒక వచనం కంఠతా వస్తుంది, ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు నోటికి అందుతుంది. చిక్కు కార్డులో లేదు, కార్డుకు ఏ వచనాలు ఎంపికవుతాయన్న దాంట్లో ఉంది. అరచేతిలో ఇమిడే అట్టముక్క మీద రెండు మూడు వరుసలే పడతాయి. అందుకని వాక్యం మొదట్లోని ‘కాబట్టి’, చివర్లోని ‘అయితే’ పోతాయి. ఆశీర్వదిస్తానన్న మాట కార్డెక్కుతుంది. ‘నిన్ను అడుగువానికిమ్ము’ అన్నది ఎక్కదు.

ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం లేఖనాన్ని ఇంటి ద్వారబంధాల మీద రాసుకోమంటుంది. అక్కడ రాయమన్నది వాగ్దానాన్ని కాదు. పూర్ణ హృదయంతో దేవుణ్ణి ప్రేమించమన్న ఆజ్ఞను. మన గుమ్మాల మీద ఏమున్నదో ఒకసారి చూసుకుంటే తేడా తెలిసిపోతుంది.

ఇలా ముక్కలు చేయడం సులువవడానికి అచ్చు చరిత్ర కూడా ఒక కారణం. అపొస్తలుడు పౌలు పత్రికలు రాసినప్పుడు వచన సంఖ్యలు లేవు. అవి ఉత్తరాలు. సంఘంలో ఒకరు నిలబడి మొదటి నుంచి చివరి దాకా చదివితే మిగతావారు వినేవారు. ఇప్పటి అధ్యాయాల విభజనను 13వ శతాబ్దం తొలినాళ్ల స్టీఫెన్ లాంగ్టన్ పేరుతో చెబుతారు. కొత్త నిబంధనలో నేడు వాడే వచన సంఖ్యలు 1551లో రాబర్ట్ ఎస్తియెన్ అచ్చువేసిన ప్రతితో వచ్చాయి. వెతుక్కోవడానికి అవి ఎంతో మేలు చేశాయి. అయితే సంఖ్య పడ్డ ప్రతి ముక్కా విడిగా నిలబడగల సందేశమన్న భ్రమ కూడా వాటితోనే వచ్చింది.

యిర్మీయా 29:11 ఎవరికి రాసిన ఉత్తరం

కార్డుల మీద తరచుగా కనిపించే వచనం ఇది: ‘నేను మిమ్మును గూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును... అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు.’ ఉద్యోగం కోసం, వీసా కోసం, పెళ్లి సంబంధం కోసం ఎదురుచూసేవారికి దీన్ని పంపుతుంటారు.

ఇది ఒక ఉత్తరంలోని వాక్యం. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము రాజునూ, పెద్దలనూ, కంసాలులనూ చెరపట్టుకుపోయాడు. వాళ్లకు ప్రవక్త యిర్మీయా యెరూషలేము నుంచి రాసిన ఉత్తరం 29వ అధ్యాయం. దాని ముందు అధ్యాయం చదవకపోతే ఇది సగమే అర్థమవుతుంది. 28లో హనన్యా అనే ప్రవక్త, బబులోను ఏలుబడికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని విరగ్గొట్టి, రెండేళ్లలో అందరూ తిరిగివస్తారని దేవుని పేరిట చెబుతాడు. వినేవాళ్లకు అంతకంటే తీపి మాట ఏముంటుంది? యిర్మీయా దాన్ని అబద్ధమన్నాడు. హనన్యా ఆ సంవత్సరమే చనిపోయాడు.

ఆ నేపథ్యంలో వచ్చిన ఉత్తరం ఏం చెబుతోంది? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణపు క్షేమం కోసమే ప్రార్థించండి. 5 నుంచి 7 వచనాలు ఇవి. 10వ వచనంలో గడువు ఉంది: 70 ఏళ్లు. ఆ తర్వాతే 11. అంటే ఉత్తరం చేతికందిన నడివయసు మనిషి తన జీవితకాలంలో తిరుగు ప్రయాణం చూడడు. వాగ్దానం అతని మనవళ్ల కాలానికి నెరవేరుతుంది. ఈలోపు అతని పని శత్రువు ఊళ్లో కూరగాయలు పండించడం.

ఇప్పుడు ఆ వచనం తగ్గిందా, పెరిగిందా? నిజానికి పెరిగింది. కార్డు మీది వచనం వచ్చే జూన్‌కల్లా ఉద్యోగం రాకపోతే వాడిపోతుంది. ఉత్తరంలోని వచనం ఎదురుచూపు సాగిన కొద్దీ గట్టిపడుతుంది, ఎందుకంటే అది ఎదురుచూడటం ఎలాగో కూడా చెప్పింది. కువైట్‌లో శుక్రవారం ఆరాధనకు చేరే తెలుగు కార్మికులకూ, అమెరికాలో గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్లు గడుపుతున్న కుటుంబాలకూ 11వ వచనం కంటే 7వ వచనమే నేరుగా తగులుతుంది. ఉన్న ఊరిని తాత్కాలిక మజిలీగా చూడకుండా, దాని క్షేమం కోరమంటుంది.

బర్నబా పేరు చెప్పే సంగతి

ఆదరణ, హెచ్చరిక రెండూ ఒకటేనన్నది వ్యాఖ్యాతల ఊహ కాదు. కొత్త నిబంధన గ్రీకులో ‘పరాక్లేసిస్’ అనే మాట ఉంది. పక్కకు పిలవడం, పక్కన నిలబడి పలకడం దాని మూలార్థం. దుఃఖంలో ఉన్నవాడి పక్కన నిలబడి పలికితే అది ఓదార్పు. దారి తప్పుతున్నవాడి పక్కన నిలబడి పలికితే అది హెచ్చరిక. పరుగులో అలసినవాడి పక్కన అయితే ప్రోత్సాహం.

ఎక్కువ తెలుగు సంఘాల్లో చదివే బైబిల్ సొసైటీ పాత అనువాదం ఈ ఒక్క మాటను సందర్భాన్ని బట్టి వేర్వేరుగా తెచ్చింది. రోమా 15:4లో అది ‘లేఖనములవలని ఆదరణ’. హెబ్రీ 13:22లో రచయిత తన పత్రికంతటినీ ‘ఈ హెచ్చరిక మాట’ అంటాడు. అదే పదం. అపొస్తలుల కార్యములు 4:36లో, తొలి సంఘంలో సేవచేసిన బర్నబా పేరుకు అర్థం ‘హెచ్చరిక పుత్రుడు’ అని ఉంటుంది. కొన్ని భాషల అనువాదాల్లో ఆ చోటే ‘ఆదరణ పుత్రుడు’ అని కనిపిస్తుంది. తెలుగు పాఠకుడు బర్నబాను కఠినుడిగా ఊహించుకునే ప్రమాదం ఉంది. అతను చేసిన పనులు చూస్తే రెండు అర్థాలూ అతనికి సరిపోతాయి. అందరూ భయపడి దూరం పెట్టిన సౌలును, అంటే తర్వాతి పౌలును, చేయిపట్టి అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లింది అతనే. అంతియొకయలో కొత్త విశ్వాసులను స్థిరహృదయంతో ప్రభువును హత్తుకుని ఉండమని హెచ్చరించిందీ అతనే.

రెండో కొరింథీ పత్రిక మొదటి అధ్యాయంలో 3 నుంచి 7 వరకు ఉన్న 5 వచనాల్లో ఈ పదమూ దాని క్రియారూపమూ కలిపి 10 సార్లు వస్తాయి. అక్కడ పౌలు చెప్పేది ఒక గొలుసు: దేవుడు మాకిచ్చిన ఆదరణతో మేము ఇతరులను ఆదరించగలుగుతాం. ఆదరణ పొందడం ఆ వెంటనే ఒక బాధ్యతగా మారుతోంది.

ఇదే మాట కుటుంబంలోనిది ‘పరాక్లేతోస్’. యోహాను సువార్తలో అది ‘ఆదరణకర్త’. 1 యోహాను 2:1లో ‘ఉత్తరవాది’. ఆ ఆదరణకర్త వచ్చి చేసే పనుల్లో ఒకటి యోహాను 16:8లో ఉంది: పాపాన్ని గురించీ, నీతిని గురించీ, తీర్పును గురించీ లోకాన్ని ఒప్పుకోజేస్తాడు. ఆదరించేవాడే ఒప్పుకోజేసేవాడు.

‘శిక్ష’ అనే మాట మారిపోయింది

తెలుగు పాఠకుడికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటి ఉంది. రెండో తిమోతి 3:16 లేఖనం దేనికి పనికొస్తుందో నాలుగు మాటల్లో చెబుతుంది: ఉపదేశించడానికి, ఖండించడానికి, తప్పు దిద్దడానికి, ‘నీతియందు శిక్షచేయుటకు’. ఈ చివరి మాట చదివి చాలామంది దండన అనుకుంటారు. ఇప్పటి వాడుకలో శిక్ష అంటే కోర్టు వేసేది, హెడ్మాస్టరు వేసేది. అనువాదకులు ఆ మాట రాసినప్పుడు దానికి చదువు చెప్పడం, తర్ఫీదు ఇవ్వడం అన్న అర్థం బలంగా ఉండేది. ఇప్పటి ‘శిక్షణ’లో ఆ అర్థమే మిగిలింది. గ్రీకులో అక్కడున్న మాట ‘పైడియా’, అంటే పిల్లల పెంపకం, వారికిచ్చే తర్ఫీదు.

హెబ్రీ 12వ అధ్యాయంలోనూ ఇదే పదం. ‘ప్రభువు తాను ప్రేమించువానిని శిక్షించి’ అన్న వాక్యాన్ని ఎవరికైనా జబ్బు చేసినప్పుడు గుర్తుచేస్తుంటారు. విన్నవారు తాము ఏదో తప్పు చేశామని తవ్వుకుంటారు. ఆ అధ్యాయం మొదలయ్యేది పరుగుపందెంతో. కొడుకును తండ్రి తీర్చిదిద్దడం దాని విషయం. పాత నేరానికి బాకీ తీర్చుకోవడం కాదు. ఒక్క పదం అర్థం జారినందుకు ఎందరో విశ్వాసులు మంచాన పడ్డప్పుడు దేవుణ్ణి జడ్జిగా మాత్రమే చూశారు. ఇది చిన్న పొరపాటు కాదు. పాస్టర్లు ఈ వాక్యం చదివిన ప్రతిసారీ ‘శిక్షణ’ అన్న అర్థాన్ని పక్కన చెప్పడం అవసరం.

‘శిష్యుడు’ అన్న మాటలోనూ ఇదే అర్థం ఉంది. ‘శాసనం’ వచ్చిన ధాతువు నుంచే అదీ వచ్చింది. బోధకు లోబడి నేర్చుకునేవాడు శిష్యుడు. గ్రీకులో ‘మతేతేస్’ అన్నా నేర్చుకునేవాడే.

అతుకుల దగ్గర ఆగితే

వాగ్దానం, ఆజ్ఞ కలిసే చోట ఎక్కువగా ఒక చిన్న మాట ఉంటుంది. పాత అనువాదంలో అది ‘ఏలయనగా’, ‘గనుక’, ‘కాబట్టి’, ‘అందువలన’, ‘అయితే’, ‘అప్పుడు’. వేగంగా చదివేటప్పుడు కళ్లు వీటిని దాటేస్తాయి.

మత్తయి 6:25 నుంచి ఉన్న భాగం, చింతించవద్దన్నది, ఆందోళనలో ఉన్నవారికి గొప్ప ఆధారం. ఆకాశ పక్షులు, అడవి పువ్వులు అందరికీ తెలుసు. ఆ వచనం మొదటి మాట ‘అందువలన’. దేనివలన? 24వ వచనం వలన: మీరు దేవునికీ సిరికీ దాసులుగా ఉండలేరు. చింత తగ్గాలంటే ముందు యజమాని ఎవరో తేలాలి. డబ్బును యజమానిగా ఉంచుకుని చింత మాత్రం పోవాలని కోరుకుంటే ఆ భాగం పనిచేయదు. నెల జీతంలో ఎంత పక్కన పెట్టాలి, అప్పు చేసి పెళ్లి ఎంత ఘనంగా చేయాలి అన్న ప్రశ్నలు 24లో ఉన్నాయి. రాత్రి నిద్ర 25లో ఉంది.

మత్తయి 11:28 ఇంకా స్పష్టం. ‘ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి’ అన్నది చర్చి గోడల మీద, సమాధుల తోట గేటు మీద కూడా కనిపిస్తుంది. తర్వాతి వచనం కాడి ఎత్తుకోమంటుంది. కాడి విశ్రాంతి వస్తువు కాదు. ఎద్దు మెడ మీద కాడి పడిందంటే పని మొదలైందని అర్థం. 28 నుంచి 30 వరకు ఉన్న మూడు వచనాల్లో విశ్రాంతి రెండుసార్లు వస్తుంది, రెండు రకాలుగా. 28లో యేసు విశ్రాంతి ‘కలుగజేతును’ అంటాడు. అది ఇచ్చేది, ఊరికే వస్తుంది. 29లో కాడి ఎత్తుకుని నేర్చుకోండి, ‘అప్పుడు’ విశ్రాంతి దొరుకుతుంది అంటాడు. అది నడిచేవాడికి దారిలో తగిలేది. 29లోని ఆ మాట వెనక యిర్మీయా 6:16 ఉంది: మంచి మార్గమేదో అడిగి అందులో నడవండి, మీకు నెమ్మది కలుగుతుంది. అక్కడ జనం ఇచ్చిన జవాబు, ‘మేము అందులో నడుచుకొనము’.

పరీక్షల కాలంలో పిల్లల అట్టల మీద రాసి ఉండే ఫిలిప్పీ 4:13నూ ఇలాగే చూడాలి. ‘నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను.’ పౌలు చెరసాలలో ఉండి రాశాడు. ముందున్న రెండు వచనాల్లో ఆ ‘సమస్తం’ ఏమిటో చెప్పాడు: కడుపు నిండినా, ఆకలిగా ఉన్నా, కలిగినా, లేకపోయినా తృప్తిగా ఉండటం. ర్యాంకు వస్తుందన్న హామీ అందులో లేదు. రాకపోయినా నిలబడే బలం ఉంది. ఇంటర్ ఫలితాల రోజున పిల్లవాడికి ఏ అర్థం నేర్పామన్నది చాలా పెద్ద విషయం. మొదటి అర్థం మాత్రమే తెలిసినవాడు మార్కులతోపాటు దేవుణ్ణీ పోగొట్టుకున్నానని అనుకుంటాడు. పైగా 14వ వచనం, ‘అయినను’ అని మొదలై, నా శ్రమలో మీరు పాలుపంచుకోవడం మంచిపని అంటుంది. సమస్తం చేయగలనన్న మనిషి ఇతరుల సాయాన్ని కాదనలేదు.

హెబ్రీ 4:12 వాక్యాన్ని రెండంచుల ఖడ్గం కంటే వాడి అంటుంది. పరిచర్య సభల్లో ఈ వచనం గొంతు పెంచి చదువుతారు. కత్తి తర్వాత నాలుగో వచనంలో, 16లో, ‘కృపాసనమునొద్దకు’ ధైర్యంగా చేరుదాం అన్న పిలుపు ఉంది. కోసేదీ కట్టుకట్టేదీ ఒకే పేరాలో ఉన్నాయి.

ఏలీయాకు రొట్టె, దావీదుకు కథ

రెండూ కావాలి సరే, ఏది ముందు? లేఖనంలోని సంఘటనలే దీనికి జవాబిస్తాయి. ఏలీయా, దావీదు కథలను పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటి రాజులు 19లో ప్రవక్త ఏలీయా బదరీచెట్టు కింద పడి చావాలని కోరుకుంటాడు. దూత అతణ్ణి గద్దించడు. విశ్వాసం ఏమైందని అడగడు. తట్టి లేపి, తినమంటాడు. తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ల బుడ్డి. తిని మళ్లీ పడుకుంటాడు. దూత రెండోసారి లేపి మళ్లీ తినమంటాడు, ప్రయాణం నీ శక్తికి మించినదని ఒప్పుకుంటాడు. 40 పగళ్లు, 40 రాత్రులు నడిచి హోరేబు కొండ చేరాకగానీ ప్రశ్న రాదు: ఇక్కడ నీవేమి చేస్తున్నావు? ఆ ప్రశ్న రెండుసార్లు అడుగుతాడు దేవుడు. ఏలీయా అదే జవాబు రెండుసార్లు చెబుతాడు, నేనొక్కణ్ణే మిగిలానని. అప్పుడు పని అప్పగిస్తాడు, ముగ్గురిని అభిషేకించమని. ఒక్కడివే కావు, 7,000 మంది ఉన్నారని లెక్కా సరిచేస్తాడు. వరుస గమనించాలి: నిద్ర, తిండి, ప్రయాణం, ప్రశ్న, పని, దిద్దుబాటు.

రెండో సమూయేలు 12లో వరుస తిరగబడింది. దావీదు రాజు అలసిపోయి లేడు, మేడలో సుఖంగా ఉన్నాడు. ఊరియా భార్యను తీసుకుని, ఊరియాను చంపించి, ఏమీ ఎరగనట్టున్నాడు. ప్రవక్త నాతాను ఓదార్పుతో రాడు. పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్ల కథ చెబుతాడు. అది అతని చేతిముద్ద తిని, అతని గిన్నెలో తాగి, అతని కౌగిట్లో పడుకునేది. దావీదు కోపంతో తీర్పు చెప్పాక, ‘ఆ మనుష్యుడవు నీవే’ అంటాడు. దావీదు పాపం ఒప్పుకున్నాకే, ఆ వచనంలోనే, దేవుడు నీ పాపాన్ని పరిహరించాడన్న మాట వస్తుంది. ఓదార్పు వచ్చింది, కానీ రెండోది.

అదే దేవుడు, అదే వాక్యం. విరిగినవాడికి ముందు రొట్టె, బలిసినవాడికి ముందు అద్దం. సంఘాల్లో తరచుగా ఇది తలకిందులవుతుంది. కానుకలు బాగా ఇచ్చే పెద్దమనిషికి వాగ్దానాలు, అప్పుల్లో కూరుకుపోయిన కూలి మనిషికి గద్దింపులు అందుతాయి.

గద్దింపు ఆయుధమైనప్పుడు

వాగ్దానాలు మాత్రమే ఏరుకోవడం వల్ల జరిగే నష్టం గురించి ప్రసంగాల్లో వినిపిస్తూనే ఉంటుంది. రెండో వైపు నష్టం గురించి తక్కువ వింటాం. పిల్లలనూ, ఆస్తినీ, ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చి, తప్పు నీదేనన్న స్నేహితుల మాటల్లో విడిగా తీస్తే తప్పు పట్టలేనివి చాలా ఉన్నాయి. అయినా యోబు గ్రంథం 42:7లో దేవుడు వారి మీద కోపించాడు, యోబు పలికినట్టు మీరు పలకలేదని. వారు చేసిన మంచి పని ఒక్కటే, మొదటి ఏడు రోజులు నేల మీద కూర్చుని మౌనంగా ఉండటం.

రోగి దగ్గరకు వెళ్లి ‘విశ్వాసం చాలదు’ అనడం యోబు స్నేహితుల బాట. పౌలు తన జట్టులోని త్రోఫిము రోగిగా ఉన్నందున మిలేతులో వదిలి వచ్చానని రాశాడు. తన యువ సహచరుడు తిమోతికి తరచూ వచ్చే కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. తన శరీరంలోని ముల్లు పోవాలని మూడుసార్లు వేడుకున్నాడు, అది పోలేదు. వీరిలో ఎవరికీ విశ్వాసం లేదని బైబిలు చెప్పదు. మాత్రలు మానేస్తేనే నమ్మకం ఉన్నట్టన్న బోధకు ఇక్కడ చోటు లేదు. షుగరు, బీపీ, ఫిట్స్, మానసిక వ్యాధుల మందులు డాక్టరును అడగకుండా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంకో దుర్వినియోగం ఇళ్లలో జరుగుతుంది. భర్త చేతి దెబ్బలు తినే స్త్రీకి ‘నీ సిలువ నువ్వు మోయి’ అని చెప్పి పంపేస్తారు. లూకా 9:23 చదివితే, ‘తన్నుతాను ఉపేక్షించుకొని, ప్రతిదినము తన సిలువను ఎత్తికొని’ అని ఉంటుంది. సిలువ మనిషి తానుగా ఎత్తుకునేది. ఇతరుల భుజాల మీద పెట్టేది కాదు. ఆ స్త్రీకి ఆ వచనం ఇచ్చి, కొట్టేవాడికి ఏ వచనమూ ఇవ్వకపోవడం లేఖనాన్ని బలవంతుడి పక్షాన నిలబెట్టడమే. ఆమెకు ముందు కావలసింది తలదాచుకునే చోటు, అవసరమైతే పోలీసు సహాయం. ఆ తర్వాతే మిగతా మాటలు.

జనవరి చివర్లో ఆగిపోయే చదువు

బైబిల్లో 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు. ఏడాదిలో పూర్తి చేయాలంటే రోజుకు మూడు చాలవు, నాలుగు ఎక్కువ. మొదటి నుంచి వరుసగా చదివేవారు ఆదికాండం 50, నిర్గమకాండం 40 అధ్యాయాలు దాటి జనవరి 28 ప్రాంతంలో లేవీయకాండంలో అడుగుపెడతారు. బలుల వివరాలు, చర్మవ్యాధుల పరీక్షలు, తినే జంతువులు, తినకూడనివి. చాలామంది చదువు ఇక్కడే ఆగుతుంది.

ఆగినవారు పోగొట్టుకునేది ఏమిటో 19వ అధ్యాయం చెబుతుంది. పొరుగువాణ్ణి నీలాగే ప్రేమించమన్న మాట పుట్టిల్లు అదే, 18వ వచనం. దాని చుట్టూ ఉన్నవి ఆ ప్రేమ కొలతలు. పొలం అంచుల దాకా కోయవద్దు, పరిగె ఏరుకోవద్దు, అది పేదలకూ పరదేశులకూ వదిలేయాలి. కూలివాడి కూలి తెల్లవారే దాకా నీ దగ్గర ఉంచుకోవద్దు. తక్కెడలు, తూనికరాళ్లు సరిగ్గా ఉండాలి. పరిగె అన్న మాటకు తెలుగు పల్లెల్లో వివరణ అక్కర్లేదు. వరికోతల తర్వాత రాలిన కంకులు ఏరుకుని గంజి కాచుకున్న కుటుంబాల వారసులు తెలుగు సంఘాల్లో ఎందరో ఉన్నారు. ఆ కంకులు వారి హక్కు అని చెప్పిన అధ్యాయం, విసుగని వదిలేసే పుస్తకంలో ఉంది. ఆదరణ పొలం అంచున ఉన్నవాడికి, సవాలు పొలం గలవాడికి. ఒకే వాక్యం.

వరుస చదువు కష్టమైనవారికి వేరే కొలతలు ఉన్నాయి. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలు. వారానికి ఐదు రోజులు, రోజుకొకటి చదివితే 52 వారాల్లో సరిగ్గా పూర్తవుతుంది, రెండు రోజులు తప్పినవి పూరించుకోవడానికి మిగులుతాయి. 150 కీర్తనలను రోజుకు ఐదు చొప్పున చదివితే నెల. స్కాట్లండ్ పాస్టరు రాబర్ట్ ముర్రే మెక్‌షేన్ 1842లో తన సంఘానికి ఇచ్చిన పట్టికలో రోజుకు నాలుగు అధ్యాయాలు, నాలుగు వేర్వేరు చోట్ల నుంచి. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసిసార్లు అవుతాయి. ఈ పట్టికలో ఒక మేలుంది. ఒకేరోజు ధర్మశాస్త్రమూ సువార్తా కలిసి ఎదురుపడతాయి, కాబట్టి ఇష్టమైనవే ఏరుకోవడానికి వీలుండదు. పట్టిక ప్రకారం పాఠాలు చదివే సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్ సంఘాల ఆరాధనలోనూ ఈ రక్షణ ఉంది.

కార్డు చేతిలో ఉన్నప్పుడు

తీసుకున్న వాగ్దానాన్ని పారేయనక్కర్లేదు. కార్డు వెనక ఖాళీ ఉంటుంది, అక్కడ మొదలుపెట్టవచ్చు. ఆ వచనం ఉన్న అధ్యాయమంతా పైకి చదవాలి. పైకి ఎందుకంటే కీర్తన 1:2లో ‘ధ్యానించు’ అని తర్జుమా అయిన హెబ్రీ క్రియ ‘హాగా’కు గొణగడం, లోగొంతుతో పలకడం అని అర్థం. యెషయా 31:4లో వేట మీద సింహం చేసే గుర్రు కూడా అదే క్రియ. ధ్యానమంటే కళ్లు మూసుకుని మనసు ఖాళీ చేసుకోవడం అన్న ఊహ ఇక్కడ సరిపోదు. నోరు, చెవి రెండూ పనిచేయాలి. చదువు రాని పెద్దవాళ్లకు మనవళ్లు చదివి వినిపించినా, ఫోన్లో ఆడియో బైబిలు పెట్టినా ఇదే జరుగుతుంది.

రెండోసారి చదివేటప్పుడు పెన్సిలుతో అతుకుల మాటలకు గీత పెట్టాలి: గనుక, అయితే, ఏలయనగా. వాగ్దానానికి ముందు ఏమి ఉంది, తర్వాత ఏమి ఉంది అన్నది ఆ గీతలే చూపిస్తాయి. ఆపైన కార్డు వెనక రెండు పంక్తులు రాయాలి: ఈ మాట మొదట ఎవరు విన్నారు, వారిని ఏం చేయమంది. యిర్మీయా కార్డు వెనక ‘చెరలో ఉన్నవారు, 70 ఏళ్లు, ఊరి క్షేమం కోరాలి’ అని పడుతుంది. ఆ రోజు సాయంత్రంలోపు చేయగల ఒక పని, పేరుతో సహా రాసుకుంటే మంచిది. ‘ప్రేమగా ఉండాలి’ అని రాస్తే ఏమీ జరగదు. ‘పనిమనిషికి ఈ నెల జీతం ఈ రోజే ఇవ్వాలి’ అని రాస్తే జరుగుతుంది. యేసును కలిసిన పన్నుల అధికారి జక్కయ్య కూడా మారతానని ఊరుకోలేదు, ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు అని లెక్క చెప్పాడు. అద్దంలో ముఖం చూసుకుని వెళ్లి మరచిపోయేవాడి గురించి యాకోబు 1:23-24 చెప్పింది ఈ లెక్క లేని చదువు గురించే.

ఇదంతా చేయలేని రోజులు కూడా ఉంటాయి. బిడ్డను పోగొట్టుకున్న ఇంట్లో పెన్సిలు గీతలు పనికిరావు. అలాంటి రోజులకు కీర్తనల గ్రంథంలో విలాప కీర్తనలు చాలా ఉన్నాయి. కీర్తన 13 మొదటి రెండు వచనాల్లోనే ఎంతకాలం, ఎంతకాలం అని నాలుగుసార్లు అడుగుతుంది. అది 6 వచనాల్లో స్తుతికి చేరుతుంది. కీర్తన 88 చేరదు. ‘యెహోవా, నాకు రక్షణకర్తవగు దేవా’ అని మొదలై, 18వ వచనంలో ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’ అని ఆగిపోతుంది. ఏ పళ్లెంలోని కార్డు మీదా ఆ వచనం రాదు. దుఃఖంలో ఉన్నవారి పక్కన కూర్చుని, వివరణ ఏదీ చేర్చకుండా, దాన్ని నెమ్మదిగా చదివితే నాలుగు నిమిషాలు పట్టదు.